వణుకు వచ్చింది జబ్బు వల్లా, మందు వల్లా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 73 ఏళ్లు. నాన్నతో కలిసి తెనాలిలో ఉంటుంది, నేను హైదరాబాద్‌లో ఉంటాను. అమ్మ బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతోంది. పాదాలు వాచాయంటే నీరు పోవడానికి ఇంకో మాత్ర రాశారు, ఇప్పుడు రాత్రిళ్లు నాలుగైదుసార్లు బాత్‌రూమ్‌కి లేస్తోంది. గ్యాస్‌కని ఏడాది నుంచి రోజూ పరగడుపున పాంటాప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ వేసుకుంటోంది. ఈమధ్య చేతులు వణుకుతున్నాయి, నడక నెమ్మదించింది. పార్కిన్సన్స్ అని దానికీ మందు మొదలుపెట్టమంటున్నారు. ఇన్ని మందులు అవసరమా? కొన్ని ఆపేయమంటారా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందే చెబుతున్నా, మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. కానీ మీ అనుమానంలో న్యాయం ఉంది, పార్కిన్సన్స్ మందు మొదలుపెట్టకముందే అడిగారు, మంచి పని చేశారు.

టొరంటోలో వృద్ధుల వైద్యంపై పరిశోధన చేసే పాలా రోషన్, అమెరికాలో జెర్రీ గుర్విట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు 1997లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం రాశారు. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి రెండో మందు రాస్తారు, రెండోది తెచ్చిన ఇబ్బందికి మూడోది, ఇలా చీటీ పెరుగుతూనే ఉంటుంది. దీన్ని వాళ్లు ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అన్నారు. అమ్మ విషయంలో ఇది రెండుచోట్ల కనిపిస్తోందని నా అనుమానం.

మొదటిది పాదాల వాపు. ఆమ్లోడిపిన్ మంచి మందే, అయితే కొందరికి, ముఖ్యంగా డోసు ఎక్కువైతే, చీలమండల దగ్గర వాపు వస్తుంది. సన్నటి రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరడం వల్ల వచ్చే వాపు అది, ఒంట్లో నీరు ఎక్కువై వచ్చింది కాదు, కాబట్టి నీటి మాత్రతో పెద్దగా తగ్గదు. అమ్మ రాత్రి లేవడం మాత్రం ఎక్కువవుతుంది, ఆ చీకట్లో జారి పడితే తుంటి ఎముక విరగొచ్చు. కెనడాలోని ఆంటారియోలో 66 ఏళ్లు దాటిన బీపీ రోగుల రికార్డులు చూసి రోషన్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ రకం బీపీ మందు కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు 3 నెలల్లోపే నీటి మాత్ర రాయడం, మిగతా బీపీ మందులవాళ్లతో పోలిస్తే సుమారు రెట్టింపు ఉంది. అయితే గుండె, కిడ్నీ, లివర్ సమస్యల్లోనూ కాళ్లు వాస్తాయి, కాబట్టి అవి లేవని డాక్టరు చూసుకున్నాకే ఆమ్లోడిపిన్ తగ్గించడమో, వేరే మందుకు మార్చడమో చేయాలి.

రెండోదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. మెదడులో కదలికల్ని నడిపించే డోపమైన్ అనే రసాయనం పనిని అడ్డుకునే మందు లెవోసల్పిరైడ్, డోపమైన్ తగ్గితే వచ్చేది పార్కిన్సన్స్, అందుకే ఈ మందు వాడే పెద్దవాళ్లలో వణుకు, బిగుసుకుపోవడం, నెమ్మది నడక అచ్చం ఆ జబ్బులాగే కనిపించవచ్చు. వాంతులకు పెరినార్మ్ పేరుతో దొరికే మెటోక్లోప్రమైడ్‌దీ ఇదే గుణం. న్యూజెర్సీలో అది వాడిన వృద్ధులకు పార్కిన్సన్స్ మందు లెవోడోపా మొదలుపెట్టే అవకాశం 3 రెట్లు ఎక్కువని 1995లోనే గుర్విట్జ్, ఆయన సహచరులు చూపించారు. అయినా మన దగ్గర ఈ గ్యాస్ క్యాప్సూల్‌ని ఏ చీటీ లేకుండా నెలల తరబడి కొనుక్కుంటూనే ఉన్నాం, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఈ వారమే న్యూరాలజిస్టుకు చూపించి, ‘అమ్మ ఏడాదిగా లెవోసల్పిరైడ్ వాడుతోంది, వణుకు దానివల్ల కావచ్చా?’ అని సూటిగా అడగండి. మందు వల్లే అయితే, అది ఆపాక తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పట్టవచ్చు. కొందరికి పూర్తిగా పోదు కూడా, అప్పుడది లోపల ఉన్న పార్కిన్సన్సే కావచ్చు.

వెళ్లేటప్పుడు అమ్మ మందులన్నీ కవర్లో వేసి తీసుకెళ్లండి, మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకునేవి, ఆయుర్వేదం మాత్రలు కూడా. నాలుగు మాత్రలు కావాలంటే షాపువాళ్లు స్ట్రిప్‌ని కత్తిరించి ఇస్తారు కదా, చాలాసార్లు పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అలాంటివి ఉంటే బిల్లు వెతికి పెట్టుకోండి. నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, దాంతో బీపీ మందు డోసు పెంచుతారు, అందుకే అవీ చెప్పాలి.

కిడ్నీల కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ నార్మల్ అని ధీమా పడకండి. అది కండరాల నుంచి వచ్చేది, కండ తగ్గిన పెద్దవాళ్లలో కిడ్నీ నెమ్మదించినా అంకె మామూలుగానే ఉంటుంది. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంచనా అంకె, చూడమనండి. నిద్రకు ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం లాంటివి గానీ, బీపీకి, గుండెకు ఇచ్చే అటెనొలోల్, మెటోప్రొలోల్ గానీ, స్టిరాయిడ్లు గానీ రోజూ వాడుతుంటే అవి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. ఇక బీపీ ఒకసారి కూర్చోబెట్టి, ఒకసారి నిలబెట్టి చూడమని అడగండి, నిలబడ్డాక పైఅంకె 20 లేదా అంతకన్నా ఎక్కువ పడిపోతుంటే మందులన్నీ మళ్లీ చూడాల్సిందే.