బ్రాండ్ పేరు మీదే... కాగితాల మీద ఎవరిది?

ప్రశ్న: సొంత బ్రాండుతో సబ్బులు, క్రీములు అమ్ముతున్నాం. కంపెనీ రిజిస్టరైంది, డొమైన్ కొన్నాం. లోగో బయటి డిజైనర్‌తో గీయించాం. ట్రేడ్‌మార్క్ విడిగా కావాలా? లోగో ఒక్కటే రిజిస్టర్ చేస్తే చాలదా?

జవాబు: కావాలండి. సరుకు మీది పేరును, గుర్తును చట్టప్రకారం మీదిగా కాపాడేది ట్రేడ్‌మార్కే. కంపెనీ రిజిస్ట్రేషన్ సంస్థకు ఉనికినిస్తుంది, డొమైన్ ఒక చిరునామా. ఇంకొకరు అదే పేరు సబ్బు మీద అచ్చేస్తే నేరుగా ఆపే హక్కు ఈ రెండింటితో రాదు.

అలాంటి పేరు ఇప్పటికే ఎవరిదైనా ఉందేమో ముందు వెతకండి. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపో నడిపే గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్ ఉచితం. పేరును ఉన్నదున్నట్టు కొట్టి, ఏమీ రాలేదని సంబరపడకండి. దరఖాస్తును పరీక్షించే అధికారి చెవితో కూడా చదువుతాడు, అంటే ఒకేలా వినిపించే పేర్లనూ చూస్తాడు. 'కె' బదులు 'సి', 'ఎఫ్' బదులు 'పిహెచ్' పెట్టి మళ్లీ మళ్లీ చూడాలి.

తర్వాత తరగతులు. ట్రేడ్‌మార్క్ కోసం వస్తువులను, సేవలను విడదీసే అంతర్జాతీయ పట్టిక నీస్ వర్గీకరణలో మొత్తం 45. మొదటి 34 వస్తువులకు, మిగతా 11 సేవలకు. ఒంటి సబ్బులు, సౌందర్య క్రీములు 3వ తరగతి. అదే క్రీమును చికిత్సకని అమ్మితే 5వ తరగతి. దరఖాస్తు వేశాక వస్తువుల జాబితాను కుదించుకోవచ్చు గానీ పెంచలేరు. ఏడాదిలో తేబోయే సరుకును ఇప్పుడే చేర్చడం మేలు. అలాగని అమ్మే ఉద్దేశం లేనివన్నీ రాసేస్తే, వాడకం లేదని తర్వాత రద్దు చేయించగలరు.

డబ్బు ఒక్క దరఖాస్తుకే ఉంటే మా ఓటు పేరుకే, అదీ మామూలు అక్షరాల్లో. ఏ ఫాంటులో రాసినా రక్షణ ఉంటుంది. లోగోలు మారుతుంటాయి. పాతది రిజిస్టర్‌లో, కొత్తది డబ్బా మీద ఉంటే చిక్కే. పేరు సరుకు గుణాన్నే చెప్పేదైతే, అంటే 'మెత్తని సబ్బు' లాంటిదైతే, మాట ఒక్కటే పెడితే దాదాపు తిరస్కరణే. బొమ్మతో కలిపితే దాటొచ్చు, కానీ ఆ మాటలు వాడకుండా ఎవరినీ ఆపలేరు.

అసలు బొక్క చాలామందికి లోగో దగ్గరే ఉంటుంది. బిల్లు కట్టాం కాబట్టి మాదే అనుకుంటారు. చాలా దేశాల్లో బయటి డిజైనర్ గీసినదాని కాపీరైట్, రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా అతనిదే. పత్రంలో లోగో బొమ్మ అతికించి ఉండాలి, సంతకం, తేదీ ఉండాలి, మార్పులు చేసుకునే హక్కు రాసి ఉండాలి. 'బదిలీ చేస్తాను' అంటే అది మాటివ్వడమే. 'ఇందుమూలంగా బదిలీ చేస్తున్నాను' అని రాయించండి. వెక్టర్ ఫైళ్లు (ఎంత పెద్దది చేసినా బొమ్మ చెదరనివి), ఫాంటు లైసెన్సు కూడా అప్పుడే తీసుకోండి.

ప్రశ్న: మరో రెండు దేశాల్లో అమ్మాలనుకుంటున్నాం. ఇక్కడి రిజిస్ట్రేషన్ అక్కడ చెల్లుతుందా?

జవాబు: చెల్లదు. ట్రేడ్‌మార్క్ ఏ దేశానికి ఆ దేశానిదే. అయితే పారిస్ ఒప్పందం ప్రకారం, మొదటి దరఖాస్తు తేదీ నుంచి 6 నెలల్లోపు సభ్యదేశాల్లో వేస్తే ఆ మొదటి తేదీనే లెక్కిస్తారు. వైపో నడిపే మాడ్రిడ్ పద్ధతిలో ఒకే దరఖాస్తుతో అనేక దేశాల్లో రక్షణ కోరవచ్చు. కాకపోతే తొలి 5 ఏళ్లు సొంత దేశపు మార్కు మీదే అంతా నిలబడి ఉంటుంది. అది పడితే అంతర్జాతీయ రిజిస్ట్రేషనూ పడుతుంది. ముందు దరఖాస్తు వేసినవారిదే హక్కు అనే దేశాలున్నాయి. అక్కడ డిస్ట్రిబ్యూటర్‌కు నమూనా పంపడానికి ముందే దరఖాస్తు వేయండి. అతనే తన పేరున వేసేసుకున్నాక పోరాడటమంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టే.

ప్రశ్న: దరఖాస్తు వేశాం. వృత్తంలో 'ఆర్' గుర్తు వాడొచ్చా?

జవాబు: రిజిస్ట్రేషన్ వచ్చేదాకా వద్దు, చాలాచోట్ల అది నేరం. ట్రేడ్‌మార్క్‌కు పొట్టి రూపమైన 'టీఎం' వాడుకోండి. ఇంకో సంగతి. దరఖాస్తు బయటికి కనబడగానే 'ప్రచురణ రుసుము' అంటూ సర్కారు కాగితంలా కనిపించే దొంగ బిల్లులు రావచ్చు. నంబరు, లోగో అన్నీ సరిగ్గానే ఉంటాయి, బహిరంగ రికార్డులోంచి ఎత్తుకున్నవే కదా. మీరు దరఖాస్తు వేసిన కార్యాలయాన్నో, మీ ఏజెంటునో అడగకుండా పైసా కట్టకండి.