పెద్ద అంకె ఉన్న చువ్వే మంచిదా? తెగిన ముక్కను చూసి చెప్పండి

రాజోలు దగ్గర ఇల్లు కడుతున్నామని, ఎఫ్‌ఈ 500డి (డి అంటే ఎక్కువ సాగే రకం) బదులు ఎఫ్‌ఈ 550 ఇనుప చువ్వలు తెమ్మని మేస్త్రి గారు అంటున్నారని రాశారు. రెండు రకాలకూ లాగుడు పరీక్ష చేయిస్తే మొదటిది, 500డి, మెడలా సన్నబడి తెగిందనీ, రెండోది, 550, పెద్దగా సన్నబడకుండానే తెగిందనీ అన్నారు. పెద్ద అంకె ఉన్నదే మేలు కదా అన్నది మీ ప్రశ్న. కాదండి. మీ ఇంటికి నేనైతే 500డినే ఎంచుకుంటాను.

రాజమహేంద్రవరంలో ఒక పరీక్షల ల్యాబులో చాలాకాలం పనిచేశాను. ఇల్లు కట్టేవారు రిపోర్టులో మొదటి అంకె చూసి వెళ్లిపోయేవారు. తెగిన ముక్కలను చేతిలోకి తీసుకుని చూసేవారు అరుదు. అసలు కథంతా వాటిలోనే ఉంటుంది.

16 మిల్లీమీటర్ల చువ్వను తీసుకోండి. దాని కోత వైశాల్యం సుమారు 201 చదరపు మిల్లీమీటర్లు. 500 అంటే ఒక్కో చదరపు మిల్లీమీటరుకు 500 న్యూటన్లు, మొత్తంగా దాదాపు 10 టన్నుల లాగుడు. అక్కడిదాకా చువ్వ సాగేది కంటికి కనిపించదు. చువ్వ మీద 80 మిల్లీమీటర్ల దూరంలో పెట్టిన రెండు గుర్తుల మధ్య మహా అయితే 0.2 మిల్లీమీటరు. వదిలేస్తే దాదాపు మొదటి పొడవుకే వస్తుంది. ఆ హద్దు దాటాక మాత్రం వెనక్కి రాదు. పైనున్న నల్లటి పెచ్చు పొడిగా రాలడం మొదలవుతుంది. అది చూస్తే చాలు, ఉక్కు లొంగిందని మీటరు చూడకుండానే తెలిసిపోయేది.

లొంగినంత మాత్రాన బలం అయిపోదు. సాగుతున్న కొద్దీ గట్టిపడుతూ ఇంకా ఎక్కువ బరువు మోస్తుంది, పొడవంతా సమానంగా సాగుతుంది. గరిష్ఠ బరువు దాటాక ఒక్కచోట మెడ పడుతుంది. అప్పుడు మీటరులో బరువు తగ్గుతుంటే ఉక్కు నీరసించిందనుకుంటారు. నిజానికి తగ్గుతున్నది అక్కడి మందం. ఆ సన్నని చోట ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతూనే ఉంటుంది. తెగిన వెంటనే తాకితే మెడ దగ్గర వేడిగా తగులుతుంది.

తెగడం మొదలయ్యేది పైనుంచి కాదు, లోపలి నుంచి. ఉక్కులో ఉండే సల్ఫైడు వంటి మలినపు రేణువుల చుట్టూ సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడి, పెరిగి, ఒకదానితో ఒకటి కలిసి మధ్యలో పగులవుతాయి. చివరి అంచు ఇంచుమించు 45 డిగ్రీల వాలుగా కోసుకుపోతుంది. అందుకే ఒక ముక్క గిన్నెలా, మరొకటి దానిలో ఇమిడే మొనలా కనిపిస్తాయి. మెడ పడకుండా బల్లపరుపుగా, మెరిసే రవ్వలతో తెగితే ఆ ఉక్కు పెళుసుగా ఉన్నట్టే.

చువ్వలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం 500డి తెగేలోపు కనీసం 16 శాతం సాగాలి, 550కి 10 శాతం చాలు. డి రకంలో కార్బన్, గంధకం పరిమితులు కూడా తక్కువ. బలం కూడా ఎక్కువ కావాలంటే 550డి ఉంది, దానికి కనీసం 14.5 శాతం.

కోనసీమలో ఈ తేడా ఇంకా ముఖ్యం. నల్లమట్టి తడిసి ఉబ్బి, ఎండి కుంగుతుంది. పునాది ఒకవైపు దిగితే సాగే చువ్వ దూలానికి పగుళ్లు చూపించి మనకు వ్యవధి ఇస్తుంది. తీరం దగ్గర కొన్ని చోట్ల బోరు నీటిలో ఉప్పు ఉంటుంది. ఆ నీటితో కాంక్రీటు కలిపితే చువ్వల మీద తుప్పు గుంటలు పడతాయి, అవి బలం కంటే ముందు సాగే గుణాన్ని తినేస్తాయి. 550 కొన్నా, 500డి కొన్నా మంచినీళ్లతోనే కాంక్రీటు కలపండి.

ఇప్పుడు మీ రెండో ముక్క సంగతి. అది యంత్రం పట్టుకున్న గ్రిప్పు దగ్గరే తెగి ఉంటే ఆ సాగుదల అంకెను నమ్మకండి, అదే కట్టలోంచి మరో ముక్క తీసి మళ్లీ చేయించండి. మధ్యలో తెగి, సాగుదల 10 శాతం కంటే తక్కువ వచ్చి ఉంటే ఆ సరుకు వెనక్కి పంపండి. ఆ అంకె రాస్తే మిగతాది చూసి చెబుతాను.