మగ గుర్రంలో వాటా: 12 లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 52, ప్రైవేటు ఉద్యోగం. జనగామ దగ్గర పొలం అమ్మితే 40 లక్షలు వచ్చాయి. మా బావమరిది స్నేహితులు కొందరు రేసుల నుంచి రిటైరైన ఒక థరోబ్రెడ్ (రేసుల జాతి) మగ గుర్రాన్ని కొని, ఇక్కడే స్టడ్ ఫారం, అంటే గుర్రాలను దాటించే కేంద్రం, పెడుతున్నారు. పదో వంతు వాటా 12 లక్షలట. ఏడాదికి 40 ఆడ గుర్రాలు వస్తాయి, దాటించినందుకు ఒక్కోదానికి లక్ష ఫీజు, మూడేళ్లలో నా డబ్బు నాకొస్తుంది అంటున్నారు. పొలంలోనే కాబట్టి పన్ను కూడా ఉండదట. పాప ఇంజనీరింగ్ చివరి ఏడాది. పెట్టమంటారా?

జవాబు: వద్దు. ఎందుకో చెప్తాను.

పదో వంతు 12 లక్షలంటే గుర్రం ఖరీదు కోటీ 20 లక్షలు కట్టారన్నమాట. ఈ ధర ఎవరు కట్టారు? అమ్మేవాళ్లే కదా. అది ఎన్ని రేసులు గెలిచిందన్నది మీ వాటాకు పెద్దగా పనికిరాదు. ఆడ గుర్రాల యజమానులు దాన్ని నమ్మి తమ గుర్రాలను పంపుతారా అన్నదే అసలు ప్రశ్న. ఇంగ్లండ్‌లోని పెద్ద రేసు ఎప్సమ్ డర్బీలో 1990లో ఫేవరెట్‌గా దిగి వెనకబడ్డ రజీన్ అనే గుర్రం, మన దేశానికి వచ్చాక ఉషా స్టడ్ అనే ఫారంలో ఛాంపియన్ సైర్ (పిల్లల గెలుపుల్లో మొదటి స్థానంలో నిలిచిన తండ్రి గుర్రం) అయింది. దాని తండ్రి పేరుమోసిన నార్తర్న్ డాన్సర్, ఫారంలో ఉన్నవి మేలైన ఆడ గుర్రాలు. అటు అమెరికాలో గ్రీన్ మంకీ అనే గుర్రాన్ని 2006లో కోటీ 60 లక్షల డాలర్లకు కొన్నారు. ఒక్క రేసూ గెలవలేదు. చివరికి ఫ్లోరిడాలో 5 వేల డాలర్ల ఫీజుకు నిలబెట్టారు.

మన దగ్గర బర్రెకు సూది వేయించినట్టు థరోబ్రెడ్‌కు కుదరదు. నేరుగా దాటిస్తేనే పిల్లను స్టడ్‌బుక్‌లో, అంటే ఈ జాతి గుర్రాల వంశావళి రిజిస్టరులో, నమోదు చేస్తారు. అంటే ఆడ గుర్రాన్ని లారీలో ఇక్కడిదాకా తేవాలి. మంచి ఆడ గుర్రాలున్నది పుణె చుట్టూ, కర్ణాటకలో, పంజాబ్, హర్యానాల్లో. అక్కడే పేరున్న మగ గుర్రాలుండగా హనుమకొండ దాకా ఎవరు వస్తారు? ఆ 40 పేర్లు కాగితం మీద రాసివ్వమనండి. మొహమాటపడకండి.

లెక్క నేను వేసి చూస్తాను, అంకెలు నా ఊహే. 18 ఆడ గుర్రాలు వచ్చాయి, 12 పిల్లలు బతికాయి అనుకుందాం. చాలాచోట్ల పిల్ల పుట్టి లేచి నిలబడ్డాకే ఫీజు ఇస్తారు. కొత్త గుర్రం కాబట్టి లక్ష కాదు, 60 వేలే అనుకోండి. మొత్తం 7 లక్షల 20 వేలు. దాణా, సాయీసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) జీతం, డాక్టరు, బీమా కలిపి 5 లక్షలు పోతే మిగిలేది 2 లక్షల 20 వేలు. మీ వాటా 22 వేలు! అదే 12 లక్షలు 6.5 శాతానికి ఎఫ్‌డీలో వేస్తే 78 వేలు.

ఇక కాలం సంగతి. చూడి పదకొండు నెలలు. 2027 ఫిబ్రవరిలో దాటిస్తే పిల్ల 2028 జనవరికి. అది పరుగెత్తేది రెండేళ్ల వయసులో, అంటే 2030లో. అప్పటిదాకా ఈ గుర్రం పిల్లలు ఎలా ఉంటాయో ఎవరికీ తెలీదు. మొదటి ఏడాది కొత్త మోజులో వచ్చినవాళ్లు రెండు, మూడో ఏడాది వెనక్కి తగ్గడం ఈ వ్యాపారంలో మామూలే. మీ బావమరిది చెప్పిన మూడేళ్లు సరిగ్గా ఈ ఎండు కాలమే.

రేసుల్లో దాదాపు కోటి డాలర్లు గెలిచిన సిగార్ అనే అమెరికా గుర్రాన్ని స్టడ్‌కు పంపితే ఒక్క ఆడ గుర్రానికీ చూడి నిలవలేదు. బీమా ఉంది కాబట్టి యజమానులు బయటపడ్డారు. మీవాళ్ల పాలసీలో చావు ఒక్కటే ఉందా, సంతాన సామర్థ్యం కూడా ఉందా? నాకు అనుమానమే.

పన్ను విషయంలో మీకు చెప్పింది తప్పు. పొలంలో కట్టేసినంత మాత్రాన దాటించిన ఫీజు వ్యవసాయ ఆదాయం కాదు. నష్టమొస్తే మీ జీతంలోంచి తగ్గించుకునే వీలూ లేదు.

పాప పైచదువుకో పెళ్లికో 15 లక్షలు ఎఫ్‌డీల్లో వేయండి, ఏడాది, రెండేళ్ల గడువులతో. ఆరు నెలల ఇంటి ఖర్చు సేవింగ్స్‌లో ఉంచండి. మిగతాది రిటైర్మెంట్ కోసం, నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లోకి (షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్) రెండేళ్లపాటు మళ్లించండి.

బావమరిది మాట కాదనలేక టెన్షన్ పడుతుంటే, పోయినా ఫర్వాలేదనుకునే లక్ష మించి ఇవ్వకండి. అదీ స్టడ్‌బుక్ కాగితాలు చూసి, మామునూరు వెటర్నరీ కాలేజీలో అడిగి గుర్రాలు చూసే డాక్టరుతో వీర్య పరీక్ష చేయించాకే. ఏటా పెట్టుబడి మళ్లీ అడగరాదని ఒప్పందంలో రాయించండి. దానికి వాళ్లు ఒప్పుకోకపోతే ఆ లక్ష కూడా ఇవ్వకండి.