మీరడిగారు, మేం చెప్తున్నాం: తాతగారి ఉత్తరాల మీది స్టాంపులు

ప్రశ్న: మాది చీపురుపల్లి. ఇల్లు సర్దుతుంటే తాతగారి ట్రంకుపెట్టెలో పాత కవర్లు, కార్డులు ఒక కట్ట దొరికాయి. కొన్నిటి మీద రాజు బొమ్మ, అణాల్లో ధర ఉన్నాయి. మా అబ్బాయి స్టాంపుల్ని నీళ్లలో నానబెట్టి ఊడదీస్తానంటున్నాడు. తీయొచ్చా? డబ్బులేమైనా వస్తాయా? విజయనగరం రాజులు కూడా స్టాంపులు వేశారంటారు, నిజమేనా?

జవాబు: ముందు ఆ నీళ్ల గిన్నె అవతల పెట్టించండమ్మా. స్టాంపు ఊడిందంటే సగం కథ పోయినట్టే, ఎందుకంటే సేకరించేవాళ్లు చూసేది స్టాంపుతో పాటు దాని మీద పడిన పోస్టాఫీసు ముద్ర, తేదీ, కవరు మీది చిరునామా కూడా. మన వైపు కవర్లయితే ఇది మరీ ముఖ్యం. శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువాళ్లు చికాకోల్ అని రాసేవాళ్లు, 1936 వరకు అది గంజాం జిల్లాలో ఉండేది, ఒరిస్సా ఏర్పడ్డాక విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా అయితే 1979లో గానీ రాలేదు. తేదీ చెరిగిపోయిన కవరైనా జిల్లా పేరు చూస్తే సుమారుగా ఏ కాలందో తెలిసిపోతుంది.

అసలు ముద్ర వేసేదే ఒకసారి వాడిన స్టాంపును మళ్లీ వాడకుండా. 1840 మేలో బ్రిటన్‌లో ప్రపంచపు మొదటి స్టాంపు పెన్నీ బ్లాక్ వచ్చినప్పుడు నల్ల స్టాంపు మీద ఎర్ర సిరాతో ముద్ర కొట్టేవాళ్లు. జనం ఆ ఎరుపును తుడిచేసి మళ్లీ అంటించేవాళ్లట (కక్కుర్తి మనకొక్కళ్లకే లేదన్నమాట), దాంతో మరుసటి ఏడే స్టాంపును ఎరుపు చేసి, ముద్ర నలుపుకి మార్చారు.

డబ్బు సంగతికొస్తే, మరీ ఆశ పెట్టుకోకండి. పాతదైనంత మాత్రాన ధర రాదు. ఆ పెన్నీ బ్లాకే 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చయింది, అందుకే అది మరీ అపురూపమేం కాదు. అచ్చుతప్పు లాంటి అరుదైన విశేషం ఉంటేనే మంచి ధర పలుకుతుంది, 1854 నాటి మన నాలుగణాల స్టాంపుల్లో విక్టోరియా రాణి తల తలకిందులుగా పడిన కొన్నిటిలాగా. మీ రాజు బొమ్మలు మాత్రం లక్షలకు లక్షలు అచ్చు వేసినవి.

విజయనగరం రాజులు స్టాంపులు వేయలేదు. అది మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారీ, ఉత్తరాలన్నీ బ్రిటిష్ ఇండియా స్టాంపులతోనే వెళ్లాయి. నిజాం సంస్థానానికి మాత్రం 1869 నుంచి సొంత స్టాంపులుండేవి. విజయనగరంతో సంబంధం ఉన్న స్టాంపే కావాలంటే 1993లో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి శతజయంతికి వచ్చింది వెతకమనండి మీ అబ్బాయిని, ఆయన అక్కడి సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేశారు.

కవర్లను లామినేషన్ చేయించకండి, టేపు వేయకండి, కార్డు మీద అచ్చయిన స్టాంపును కత్తిరించకండి. మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ కదా, పొడి చోట, ఎండ తగలకుండా పెడితే చాలు.

ప్రశ్న: బ్రిటన్ స్టాంపుల మీద దేశం పేరుండదేం? (ఆమదాలవలస నుంచి ఒక విద్యార్థి)

జవాబు: మొదట వేసింది వాళ్లే, అప్పటికి వేరే దేశానికి స్టాంపులే లేవు, ఇంక పేరెందుకు? తర్వాత అందరూ వేయడం మొదలెట్టినా వాళ్లు రాజు తలతోనే సరిపెట్టేస్తున్నారు, ఇప్పటికీ అంతే.