చోక్ లాగితేనే నడిచే బోటు మోటారు

ప్రశ్న: సార్, మాది సంగమేశ్వరం దగ్గర చిన్న ఊరు. శ్రీశైలం వెనకజలాల్లో చేపలు పట్టుకుని బతుకుతాం. మా నాయన వాడిన పాత అవుట్‌బోర్డు మోటారు ఉంది, 15 హెచ్‌పీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోకు, కార్బరేటర్ ఒకటే. రెండేళ్లు మూలన పడి ఉంటే ఈ ఎండాకాలం బోర్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించాను. కార్బరేటర్ మాత్రం కిట్ తెచ్చుకుని నేనే విప్పి, కడిగి, బిగించాను. కిట్‌లో ఒక ప్యాకింగ్ సరిపోకపోతే షీటు కొని కత్తిరించి వేశాను. ఇప్పుడు తాడు మూడోసారి లాగేసరికి స్టార్ట్ అవుతుంది గానీ చోక్ లోపలికి నెడితే గుక్క పట్టినట్టు అయి ఆగిపోతుంది. సగం చోక్ మీద నడుస్తుంది. ఫుల్లు ఇస్తే పావు కిలోమీటరు బాగా పోయి నీరసపడుతుంది, మా తమ్ముడు పెట్రోలు పైపు మీది రబ్బరు బల్బు పిసికితే మళ్లీ లేస్తుంది. కార్బరేటర్ పక్క స్క్రూ రెండు చుట్లు వదులు చేసి చూశాను, ఇంకా పాడైంది. జెట్టు (కార్బరేటర్‌లో పెట్రోలును కొలతగా వదిలే ఇత్తడి ముక్క) రంధ్రం కొంచెం పెద్దది చేయిస్తే సరిపోతుందని టౌనులో ఒక మెకానిక్ అన్నాడు. చేయించమంటారా?

జవాబు: చేయించొద్దు. ఆ జెట్టుతోనే మీ నాయన ఏళ్ల తరబడి ఏరు దాటాడు, రెండేళ్లు మూలన కూర్చున్నంత మాత్రాన రంధ్రం సైజు మారదు. పాత పెట్రోలు జిగురుకట్టి మూసుకుపోతుంది, అది కడిగితే పోయేది. డ్రిల్లు పెట్టిన జెట్టు మాత్రం మళ్లీ పాత జెట్టు కాదు.

మీ మోటారు రోగం మీ తమ్ముడి చేతికి తెలిసింది, మీకే తెలియలేదు. బల్బు పిసికితే ఇంజన్ లేస్తోందంటే కార్బరేటర్ గిన్నెలోకి పెట్రోలు తనంతట తాను చాలినంత రావడం లేదు, అతను తోస్తే వస్తోంది. పావు కిలోమీటరు బాగా పోవడం కూడా అందుకే, గిన్నెలో, పైపులో నిండి ఉన్నది అయిపోయేదాకా దానికి లోటు లేదు. చోక్ గాలిని అడ్డుకుంటుంది, అది లాగితే నడవడానికి అర్థమూ అదే, గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది. కాబట్టి కార్బరేటర్ మీద ఇప్పుడే చేయి వేయకండి, ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి. మనం విప్పింది కార్బరేటర్ కాబట్టి తప్పు అందులోనే ఉంటుందనుకోవడం అందరికీ ఉన్న జబ్బే. నేను ఒకసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే కార్బరేటర్‌ను నాలుగుసార్లు విప్పాను, చివరికి చూస్తే ట్యాంకు మూత మీద గాలి స్క్రూ తెరవడం మరిచిపోయాను.

పక్క బోటు వాళ్ల ట్యాంకు, పైపు ఒక పూటకు అడిగి తెచ్చుకోండి, కనెక్టర్ ఒకే రకమైతే చాలు. దాంతో మోటారు శుభ్రంగా పోతే దోషం మీ ట్యాంకుకూ కనెక్టరుకూ మధ్యలోనే ఉంది. అప్పుడు మీ పైపు తగిలించి, ఫుల్లులో పోయేటప్పుడు బల్బును గమనించండి. అది లోపలికి పీక్కుపోయి చపాతీలా అణిగితే ట్యాంకు వైపు అడ్డం ఉంది, అంటే మూత గాలి స్క్రూ, లేదంటే ట్యాంకు అడుగున పెట్రోలు పీల్చే గొట్టం జాలీ. అణగకుండా మెత్తగానే ఉండి, ఎంత పిసికినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బులో వాల్వులు పోయాయి. చిక్కేమిటంటే గాలి పీల్చే చోట ఇంజన్ నడుస్తుండగా పెట్రోలు కారదు, కంటికి ఏమీ కనపడదు. బల్బుకూ ఇంజనుకూ మధ్య అరడుగు పారదర్శకమైన పెట్రోలు పైపు తాత్కాలికంగా కలపండి. వరసగా బుడగలు పోతుంటే దొంగ దొరికినట్టే, క్లిప్పులు, కనెక్టర్ లోపలి ఓ-రింగు మార్చండి. బల్బు మీది బాణం ఇంజన్ వైపు ఉందో లేదో కూడా చూడండి, నవ్వకండి, తిరగేసి బిగించినవాళ్లను చూశాను.

పక్కవాళ్ల ట్యాంకుతోనూ అదే వరసైతే పెట్రోలు పంపు చూడాలి. దానికి వేరే కరెంటో బెల్టో ఉండదు, క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి తగ్గుతుంటే పలుచని డయాఫ్రం కొట్టుకుని పెట్రోలు తోస్తుంది. కార్బరేటర్ కిట్‌లో ఈ డయాఫ్రం చాలాసార్లు రాదు, విడిగా కొనాలి. రెండేళ్లు ఎండిన డయాఫ్రం బిరుసెక్కుతుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, అంత ఇథనాల్ లేని రోజుల్లో చేసిన రబ్బరు దానికి ఉబ్బి మెత్తబడుతుంది. విప్పినప్పుడు డయాఫ్రంను వెలుతురుకు అడ్డం పెట్టి చూడండి. సూదిమొన అంత చుక్క కనపడినా మార్చేయండి.

ఇవన్నీ సరైపోయి ఫుల్లులో బాగా పోతూ, స్లోలో మాత్రం చోక్ అడుగుతుంటే అప్పుడు కార్బరేటర్ విప్పండి. ఆ పరిస్థితిలో నా అనుమానం మొదట మీరు కత్తిరించి వేసిన ప్యాకింగ్ మీదే. కార్బరేటర్ ముఖం మీద పెద్ద రంధ్రాలతో పాటు పెన్సిల్ మొన అంతవి ఒకటి రెండు ఉంటాయి, షీటు మీద గీసుకునేటప్పుడు అవి చెత్తలా కనపడి వదిలేస్తాం. పాత ప్యాకింగ్ ముక్కలు దాచి ఉంటే పక్కపక్కన పెట్టి రంధ్రాలు లెక్కపెట్టండి. తర్వాత స్లోలో పెట్రోలు వెళ్లే దారి చూడండి. కార్బరేటర్ గొట్టం లోపల, త్రాటిల్ రేకు (యాక్సిలేటర్ ఇస్తే తెరుచుకునే రేకు) మూసినప్పుడు దాని అంచు తగిలే చోట బొట్టుబొట్టుగా చిన్న రంధ్రాలుంటాయి. స్క్రూ తీసేసి ఆ దారిలోకి క్లీనర్ స్ప్రే కొడితే ప్రతి రంధ్రంలోంచీ సన్నటి ధార రావాలి (కళ్లద్దాలు పెట్టుకోండి, అది తిరిగి కంట్లోకే కొడుతుంది). ఏ రంధ్రంలోంచి రాకపోతే అది మూసుకుపోయినట్టు. ఇనుప తీగతో పొడవొద్దు, ఇత్తడి గీసుకుపోతుంది. మీ ఇంట్లో వలకు వాడే నైలాన్ దారం ఉంటుంది కదా, దానికంటే మంచి పనిముట్టు లేదు.

గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ మట్టాన్ని అదుపు చేసే ఫ్లోటు ఎత్తు కూడా చూసుకోండి. కార్బరేటర్ తిరగేసి పట్టుకుంటే చాలా మోటార్లలో ఫ్లోటు ముఖానికి సమాంతరంగా నిలవాలి, మీ మాన్యువల్‌లో కొలత ఉంటే అదే వేదం. తిరగేసినప్పుడు పైకి లేచి ఉంటే గిన్నెలో పెట్రోలు మట్టం తక్కువే నిలుస్తుంది.

మీరు రెండు చుట్లు వదిలిన స్క్రూ సంగతి. అది త్రాటిల్ రేకుకు ముందు, గాలి వచ్చే వైపు ఉంటే గాలి స్క్రూ, వదిలేకొద్దీ పెట్రోలు పాలు తగ్గుతుంది. రేకు దాటి ఇంజన్ వైపు ఉంటే పెట్రోలు స్క్రూ, వదిలితే పెరుగుతుంది. మీరు వదిలితే పాడైందన్నారు కాబట్టి గాలి స్క్రూ అయ్యుండొచ్చు, చూసి తేల్చుకోండి. మెల్లగా ఆనేదాకా బిగించి (గట్టిగా బిగిస్తే మొన చెడుతుంది) ఒకటిన్నర చుట్టు వదిలి మొదలుపెట్టండి. అసలు సెట్టింగ్ మాత్రం నీళ్లలోనే చేయాలి, ఇంజన్ వేడెక్కాక, ముందు గేరులో. డ్రమ్ములో స్టార్ట్ చేసి చూడొచ్చు గానీ ఎక్కువసేపు వద్దు, పొగ అక్కడే తిరిగి ఇంజన్ మళ్లీ పీల్చుకుని ముక్కుతుంది, మనం కార్బరేటర్‌ను తిట్టుకుంటాం. నీళ్లు లేకుండా అయితే ఒక్క నిమిషం కూడా తిప్పొద్దు.

అప్పటిదాకా బల్బు పిసుక్కుంటూ ఫుల్లులో పోకండి. టూ స్ట్రోకులో ఆయిలు కూడా పెట్రోలుతోనే వస్తుంది, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, కొత్త పిస్టన్లు సీజ్ అవుతాయి. మామూలుగా 50:1 (50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిలు) వాడే మోటారైనా బోర్ కొత్తది కాబట్టి మొదటి 10 గంటలు 25:1, అంటే లీటరుకు 40 మి.లీ. కలపండి. బైకు ఆయిలు కాదు, బోటు మోటార్లకు వచ్చే టీసీ-డబ్ల్యూ3 ఆయిలు. డ్యాము 885 అడుగులకు నిండినప్పుడు మీ దగ్గర గాలికి అలలెలా లేస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు, ఈ సెట్టింగులు తేలేదాకా తెడ్లు, లైఫ్ జాకెట్లు బోటులోనే ఉండాలి.

ప్రశ్న: కడప జిల్లా, మైలవరం డ్యాము దగ్గర మాది. పాత మోటారుకే కొత్త ఫ్లోట్ పిన్ (గిన్నె నిండగానే పెట్రోలు దారి మూసేది) వేశాక, ఇంజన్ ఆపేసినా కార్బరేటర్ నుంచి పెట్రోలు కారుతూనే ఉంది అన్నా. పిన్ మంచిది కాదంటారా?

జవాబు: పిన్ కొత్తదే, అది కూర్చునే సీటు పాతదేనా? పాత సీటులో గాడి పడి ఉంటే ఏ పిన్నూ మూయలేదు, రెండూ కలిపే మార్చాలి. ఆ తర్వాత ఫ్లోటు తీసి చెవి దగ్గర ఊపండి. గలగలమంటే లోపలికి పెట్రోలు పోయింది, అది తేలదు. ఇత్తడి ఫ్లోటైతే వేడినీళ్లలో ముంచితే చిల్లు దగ్గర బుడగలు వస్తాయి. చాలా పాత అమెరికా మోటార్లకు బెండు ఫ్లోటు ఉండేది, దాని లక్క పూతను ఇథనాల్ కరిగిస్తుంది, తర్వాత బెండు పెట్రోలు తాగి బరువెక్కుతుంది. ఇంకోటి, బల్బు గట్టిపడ్డాక కూడా బలం కొద్దీ పిసికితే మంచి పిన్ను కూడా దాటి పెట్రోలు పొంగుతుంది. బోటు అడుగున పెట్రోలు నిలిచి ఉంటే తుడిచి, ఆరేదాకా తాడు లాగొద్దు, బీడీ సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: మాది అనంతపురం, బోటూ లేదు, బోటు తేలేన్ని నీళ్లూ లేవు. చీనీ తోటకు మందు కొట్టే పవర్ స్ప్రేయర్ ఉంది. నాలుగు నెలల తర్వాత తీస్తే స్లోలో నడుస్తుంది, యాక్సిలేటర్ ఇస్తే ఆగిపోతుంది. అడగొచ్చా?

జవాబు: అడగండి, టూ స్ట్రోకే కదా. నాలుగు నెలలూ ట్యాంకులో పెట్రోలు ఉంచేసి ఉంటారు. ముందు అది పారబోసి ట్యాంకు లోపలి ఫిల్టరు మార్చండి, పీల్చే పైపు పట్టుకుంటే జిగురుగా ఉందేమో చూసి అదీ మార్చండి, ఆ తర్వాతే మెయిన్ జెట్టు. ఈసారి సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్‌లో మిగిలింది అయిపోయి దానంతట అదే ఆగేదాకా నడిపి, అప్పుడు అటక మీద పెట్టండి.