డిస్కు సమీక్ష రాసే ముందు

చి. సుధీర్‌కు ఆశీస్సులు.

ఆనిమే, అదే జపాన్ బొమ్మల సినిమాలు, సిరీస్‌ల బ్లూరేల మీద సమీక్షలు రాస్తానన్నావు, సంతోషం. కథ గురించి రాసేవాళ్లకి కొదవలేదు. డబ్బు పెట్టి కొనేవాడికి కావలసింది వేరు: బొమ్మ ఎలా ఉంది, ఇంగ్లీషు డబ్బింగు ఎలా ఉంది, అసలు నా ప్లేయర్లో ఆడుతుందా? ముందు ఆ చివరిది తేల్చు. బ్లూరేలకి దేశాలవారీగా రీజియన్లుంటాయి, ఒక రీజియన్ డిస్కు వేరే రీజియన్ ప్లేయర్లో ఆడకపోవచ్చు. అమెరికాలో అమ్మే డిస్కులు చాలావరకు రీజియన్ ఎ, మన దేశానిది సి. ఆ ముక్క రాయకపోతే హైదరాబాదులో తెప్పించుకున్నవాడు నిన్నే తిట్టుకుంటాడు.

బొమ్మ సంగతి. ముందు నీ టీవీలో షార్ప్‌నెస్ తగ్గించి, మోషన్ స్మూతింగ్ (కదలికని నున్నగా చేసే సెట్టింగు) ఆపెయ్. తర్వాత ఆ సిరీస్ ఎలా తయారైందో కనుక్కో. సెల్ (పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు) మీద గీసి ఫిల్ముకెక్కించినదైతే మళ్లీ స్కాన్ చేసి నిజమైన హెచ్‌డీ తీయొచ్చు. 2000 తర్వాత తొలి ఏళ్లలో కంప్యూటర్లో రంగులేసినవి ఎక్కువగా ఎస్‌డీలోనే, అంటే హెచ్‌డీ కన్నా తక్కువ స్పష్టతలోనే పుట్టాయి, వాటి బ్లూరే సాగదీసినదే. అది నేరం కాదు, ఎంత శ్రద్ధగా సాగదీశారన్నదే చూడాలి. గీత పక్కనే తెల్లటి అంచు కనిపిస్తే పదును ఎక్కువ పెట్టారు. గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నని రేణువులు) మాయమై సన్న గీతలు మధ్యలో తెగుతుంటే నాయిస్ రిడక్షన్ (రేణువులు తుడిచేసే పని) అతి చేశారు. రాత్రి ఆకాశం దగ్గర ఆపి చూడు, నీలం మెట్లుమెట్లుగా విడిపోతే అది బ్యాండింగ్. 50 జీబీ డిస్కులో 13 ఎపిసోడ్లు కుక్కితే శబ్దంతో కలిపి సెకనుకు సగటున 21 మెగాబిట్లే దక్కుతాయి, అంతకన్నా కుక్కితే ముందు చెడేది ఇలాంటి చీకటి దృశ్యాలే.

ఫ్రేము కొలత మరిచిపోకు. 'డ్రాగన్ బాల్ జీ'ని అమెరికాలో 2007 సెట్లలో వెడల్పు టీవీల కొలత 16:9కి కోసి అమ్మారు. పాత టీవీల కొలత 4:3 బొమ్మని పైనా కిందా అలా కోస్తే ఎత్తులో నాలుగో వంతు దాకా పోతుంది, తలలు తెగుతాయి.

ఇక డబ్బింగు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. జపనీస్‌లో ముందు విన్నది ఏదైనా తర్వాత ఇంగ్లీషులో చప్పగానే తోస్తుంది, అది అలవాటు మహిమ. అందుకని కొన్ని ఎపిసోడ్లు ఇంగ్లీషులోనే ముందు చూడు, సబ్‌టైటిళ్లు లేకుండా. ఆ తర్వాత అదే దృశ్యం రెండు భాషల్లో పెట్టు, వాల్యూమ్ సమం చేశాకే సుమా. ఇంగ్లీషుకి 5.1 (చుట్టూ ఆరు స్పీకర్ల శబ్దం), జపనీస్‌కి స్టీరియో (రెండు స్పీకర్లది) ఉన్న డిస్కులు బోలెడు, గట్టిగా వినిపించేదే మేలనిపిస్తుంది.

జపాన్‌లో నటులు మామూలుగా ఒకే గదిలో కలిసి మాట్లాడతారు. అమెరికాలో ఎక్కువగా ఒక్కొక్కరే బూత్‌లో నిలబడి, మూడు బీప్‌లు విని నాలుగోది రావలసిన చోట అందుకుంటారు. అందుకే లోపం ఎక్కువగా గొడవ దృశ్యంలో బయటపడుతుంది: ఒకడు గొంతు చించుకుంటుంటే రెండోవాడు కాఫీ అడుగుతున్నట్టు జవాబిస్తాడు. ఆ నిమిషం, సెకను రాసుకో. పెదాలు అక్షరాక్షరానికీ కలవలేదని గోల చెయ్యకు. నోటికి మూసినది, సగం తెరిచినది, తెరిచినది అని మూడు బొమ్మలతోనే చాలా ఆనిమే నడిచిపోతుంది. నోరు మూసుకున్నాక కూడా మాట సాగడం, నోరు కదులుతోందని చివర అక్కర్లేని ఊతపదం తగిలించడం, ఇవీ తప్పులు. కొట్లాటలో మూలుగులు, వెనకాల గుంపు మాటలు హెడ్‌ఫోన్‌లో విను, పొదుపు చేసేది అక్కడే. జపనీస్ ట్రాక్‌లో వినబడే కీచురాళ్లు ఇంగ్లీషులో లేకపోతే మాటలు లేని సౌండ్ ట్రాక్ వాళ్లకి అంది ఉండకపోవచ్చు.

ఏ డబ్బింగో కూడా చెప్పు. 'ఇవాంజెలియన్' 1995 నాటిది. దానికి పాత ఇంగ్లీషు డబ్ ఉండగా 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి వేరే గొంతులతో మళ్లీ చేశారు. ఊరికే "డబ్ బాగుంది" అంటే ఎవరికీ అర్థం కాదు.

సబ్‌టైటిళ్లు ఇంగ్లీషు డబ్‌తో మాటమాటా కలిస్తే అవి డబ్ స్క్రిప్టు నుంచి ఎత్తినవి, జపనీస్ నుంచి చేసిన అనువాదం కాదు. రెండూ వేరుగా ఉండటమే మామూలు. జపనీస్ ట్రాక్ పెట్టినప్పుడు సబ్‌టైటిళ్లు ఆపనివ్వని డిస్కులున్నాయి, ఒకసారి రిమోట్ నొక్కి చూసి అదీ రాయి. పెట్టెలో పోస్టుకార్డులు, స్టిక్కర్లకి ఒక్క వాక్యం చాలు.

మీ పెదనాన్న