ట్రాక్టర్‌కు డాంగిల్ తగిలించి వదిలేయకండి

ప్రశ్న: మా 55 హెచ్‌పీ ట్రాక్టర్ కొని రెండేళ్లయింది. దమ్ము చేస్తుంటే ఇంజిన్ లైటు వెలుగుతోంది, ఎంత రేజ్ చేసినా బండి లాగడం లేదు. మా ఊరి మెకానిక్ ఆన్‌లైన్లో తెప్పించిన బ్లూటూత్ డాంగిల్ (ఇంజిన్ తప్పుల కోడ్‌లు చదివే బుల్లి పరికరం) బండి చెకింగ్ సాకెట్‌లో పెట్టి, ఫోన్లో యాప్‌తో లైటు ఆర్పేశాడు. రెండు రోజులకు మళ్లీ వెలిగింది. డాంగిల్ బండికే ఉంచి, వెలిగినప్పుడల్లా మీరే ఆర్పేసుకోండి అంటున్నాడు. ఉంచవచ్చా?
– భీమవరం దగ్గర నుంచి ఒక రైతు

జవాబు: వద్దు, ఈరోజే తీసేయండి. నాట్లు మొదలైతే చాలు, ఇదే ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తోంది.

లైటు ఆర్పడం రిపేరు కాదు. థర్మామీటరు దులిపేస్తే జ్వరం తగ్గదు కదా. పైగా తప్పేమిటో చెప్పే కోడ్ చెరిపేస్తే, తేడా వచ్చిన క్షణాన ఇంజిన్ వేడి, వేగం ఎంతున్నాయో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) దాచిన వివరాలు కూడా పోతాయి. తర్వాత వచ్చే మెకానిక్ గుడ్డిగా వెతకాల్సిందే.

50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్-4 అనే పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక, చాలావాటిలో కామన్ రైల్ ఇంజిన్ పెట్టారు. అందులో డీజిల్ వెయ్యి బార్లు దాటిన ఒత్తిడితో ఇంజెక్టర్లలోకి వెళ్తుంది. పాత పంపు ఓర్చుకున్న నీరు, మట్టి ఇది ఓర్చుకోదు. తేడా కనిపిస్తే ఈసీయూ తనే పవర్ తగ్గించేస్తుంది. డబ్బాల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోశారా? ముందు ఫిల్టర్ కింద చేరిన నీరు వదలండి. దమ్ము బురద కడిగేటప్పుడు ప్రెషర్ పంపు వైర్ల కనెక్టర్ల మీద కొట్టకండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి.

నాకు అసలు టెన్షన్ ఆ డాంగిల్ గురించే. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే పద్ధతి 1986లో వచ్చింది. సందేశం పంపింది ఎవరో తేల్చుకునే ఏర్పాటు అందులో లేదు. మధ్యలో అడ్డుకునే గేట్‌వే లేని బండిలో, ఆ సాకెట్‌లో దూర్చిన ఏ వస్తువు మాటైనా చెల్లుతుంది. చవక డాంగిళ్లలో చాలావాటికి పాస్‌వర్డ్ 1234. పక్క చేలో ఫోన్ పట్టుకున్న ఎవరైనా కలపగలరు. 2015లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇన్సూరెన్స్ కోసం కార్లకు పెట్టే ఇలాంటి డాంగిల్‌కు ఎస్సెమ్మెస్‌లు పంపి వైపర్లు తిప్పారు, బ్రేకులు వేశారు. తక్కువ వేగంలో ఉన్నప్పుడు బ్రేకులు పడకుండా కూడా చేశారు. కేజ్ వీల్స్‌తో గట్టు దిగుతున్న ట్రాక్టర్ మీద మీ అబ్బాయి కూర్చుని ఉంటే ఏమిటి గతి?

మీ మెకానిక్‌ను పూర్తిగా తప్పుపట్టలేను. లైటు వెలిగించి, కారణం మాత్రం కంపెనీ ల్యాప్‌టాప్‌కే చెప్పే డిజైన్ మీదే నా కోపం. కారణాన్ని డ్యాష్‌బోర్డు మీదే నాలుగు తెలుగు మాటల్లో చూపించడం ఏమంత కష్టం? అదును దాటిపోతుంటే రైతు ఎవరో ఒకరిని పట్టుకుంటాడు, చేతికందిన డాంగిల్ పెడతాడు. యంత్రం మీద అసలు పట్టు ఎవరిదో 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో తేలింది. అక్కడి డీలర్ దగ్గర రష్యా సైనికులు ఎత్తుకెళ్లిన కోత యంత్రాలు రష్యాలోని చెచ్న్యా చేరాక స్టార్ట్ కాలేదు, దూరం నుంచే లాక్ చేసేశారు. దొంగలకు తగిన శాస్తే. కానీ ఆ మీట మన యంత్రాల్లోనూ ఉంటే అది ఎవరి చేతిలో ఉందో కొనేటప్పుడే చెప్పాలి. అమెరికాలోని కొలరాడోలో 2024 నుంచి వ్యవసాయ యంత్రాల రిపేరు సాఫ్ట్‌వేర్, మాన్యువల్స్ రైతుకు కూడా ఇవ్వాలని చట్టం ఉంది. మన కేంద్రం 2022లో తెచ్చిన రైట్ టు రిపేర్ (రిపేరు హక్కు) పోర్టల్‌లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి గానీ, అలాంటి చట్టం మనకింకా రాలేదు.

సర్వీసు మనిషి వచ్చినప్పుడు కోడ్ చెరపకముందే స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఆ కోడ్ నంబరు సర్వీసు జాబ్‌కార్డులో రాయించాకే సంతకం పెట్టండి.